ఆసు పోసే చెయ్యి

పట్టు పోగు వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియనంత తేలికగా ఉంటుంది. దాన్ని పట్టుకుని పనిచేసే ఆడవాళ్ళకు భుజాలు పట్టేస్తున్నాయంటే, మోసే బరువేముందని ఇంట్లోవాళ్ళే అడుగుతారు. బరువుంది. అది చెయ్యి బరువే.

భుజం నుంచి వేలి కొసల దాకా ఒక చెయ్యి ఒంటి బరువులో సుమారు 5 శాతం. 50 కిలోల మనిషికి రెండున్నర కిలోలు. చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు ఆ బరువు మనకు తెలియదు. ముందుకు చాచితే మాత్రం లెక్క మారుతుంది. చెయ్యి బరువంతా కీలుకు దాదాపు 30 సెంటీమీటర్ల దూరాన కిందికి లాగుతుంటే, దాన్ని నిలబెట్టే కండరాలు కీలుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే పట్టు దొరికించుకోవాలి. అందుకే అవి అసలు బరువుకు పదింతల దాకా బలం పెట్టాలి. పోగు లేకపోయినా అంతే.

పోచంపల్లి, పుట్టపాక ప్రాంతాల్లో పోగులకు కట్లు కట్టి రంగులద్దే చిటికీ చీరల తయారీలో ఆసు పోయడం ఒక మెట్టు. రంగు అద్దకానికి ముందు, అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ పేక పోగును ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవాలి. తరతరాలుగా ఇది ఆడవాళ్ళ పనే. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఒక్కోసారి మీటరు కదిలినా మొత్తం 9 కిలోమీటర్లు. నాలుగైదు గంటల్లో ముగించాలంటే దాదాపు రెండు సెకన్లకో కదలిక. ఒకే పని 30 సెకన్ల లోపు మళ్ళీ మళ్ళీ చేయాల్సివస్తే దాన్ని అధిక పునరావృత్తి పనిగా చూడాలని 1980లలో అమెరికా పరిశోధకులు గీత గీశారు. ఆసు ఆ గీతకు ఎంత అవతల ఉందో చూడండి.

భుజం కీలు లోపల కండరాన్ని ఎముకకు కలిపే ఒక టెండన్, పైనున్న ఎముక కప్పు కింద చాలా ఇరుకైన సందులోంచి సాగుతుంది. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆ సందు ఇంకా ఇరుకవుతుంది. బావి ఒరకు రాసుకునే చేంతాడులా టెండన్ పోచలు పోచలుగా రేగుతుంది. దెబ్బతిన్న భాగాన్ని శరీరం బాగుచేసుకోగలదు కానీ, టెండన్‌కు రక్త సరఫరా తక్కువ కాబట్టి ఆ మరమ్మతు నెమ్మదిగా సాగుతుంది. రాత్రి బాగైనదానికన్నా పగలు చెడినది ఎక్కువైతే నొప్పి స్థిరపడిపోతుంది.

కండరాల సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. తక్కువ బలంతో చేసే పనికి కండరంలోని పోగులన్నీ లేవవు. కొన్ని చిన్న పోగులే ముందు పనిలోకి దిగుతాయి, చెయ్యి పూర్తిగా వాలేదాకా వాటికి విడుదల ఉండదు. స్వీడన్ పరిశోధకుడు గోరాన్ హెగ్ 1991లో ఈ ప్రతిపాదన చేస్తూ, కథలో అందరికన్నా ముందు లేచి అందరి తర్వాత పడుకునే సిండరెల్లా పేరు వాటికి పెట్టారు. తేలికపాటి పని కూడా కండరాన్ని ఎందుకు దెబ్బతీస్తుందో ఇది కొంతవరకు వివరిస్తుంది.

కాబట్టి అసలు మందు విరామం. కానీ మజూరీ చీరకింత అని వస్తుంది, గంటకింత అని కాదు. ఆగిన ప్రతి పది నిమిషాలూ ఇంటి ఆదాయంలోంచి పోతాయి. పైగా ఆసు పోసిన చేతికి వేరే కూలి లేదు, అది చీర మజూరీలోనే కలిసిపోతుంది. 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35.22 లక్షల మంది చేనేత కార్మికులుంటే, వారిలో 72 శాతానికి పైగా స్త్రీలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో కండరాలు, కీళ్ళ జబ్బులకు ప్రత్యేక విభాగమే ఉంది. మన ఫ్యాక్టరీల చట్టమేమో ఇంటి వరండాలో ఆసు పోసే స్త్రీ దాకా రాలేదు. దీన్ని వైద్య సమస్యగా మాత్రమే చూడడం నాకు అన్యాయమనిపిస్తుంది.

పనిముట్టు మారితే ఏమవుతుందో ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చూపించారు. ఆరో తరగతితో చదువాపేసిన ఆయన, తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం తయారుచేశారు. చీరకు పట్టే సమయం గంటన్నరకు తగ్గింది, చెయ్యి ఆడించే పనే లేకుండా పోయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇది గొప్ప ఎర్గనామిక్స్ అని నా అభిప్రాయం: మనిషిని పనికి తగ్గట్టు వంచకుండా పనిని మనిషికి తగ్గట్టు మార్చడమంటే ఇదే.

మిగతా పనులు అలాగే ఉన్నాయి. చిటికీలు కట్టే బొటనవేలు, గుంట మగ్గంలో గంటల తరబడి వంగే నడుము, పావుకోళ్ళు తొక్కే మోకాళ్ళు. ఇటలీలోని మోదెనా వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో అచ్చువేసిన పుస్తకంలో, రోగిని అడిగే ప్రశ్నలకు నీ వృత్తి ఏమిటన్నది కూడా చేర్చమని వైద్యులను కోరారు. భుజం నొప్పితో ఆ వైపు తిరిగి పడుకోలేకపోతున్నా, తల దువ్వుకోవడానికి చెయ్యి లేవకపోతున్నా, డాక్టరు అడిగేదాకా ఆగకుండా ఏ పని, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్ళుగా అన్నది మీరే ముందు చెప్పండి.