పాత ఫోను – కొత్త యాప్

కడపలో 1820లో ఉద్యోగంలో చేరిన సి.పి. బ్రౌన్, తమ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో వెలువరించారు. అందులో వేలాది పదాలున్నా ‘సెల్‌ఫోను’ అనే మాట కానరాదు. అది నిఘంటువు లోపం కాదు. ఆ మాట తరువాతి కాలంలో పుట్టింది. మొబైల్ యాప్‌ల నిర్మాణంలో ఎదురయ్యే లింకర్ దోషం కూడా ఇటువంటిదే.

యాప్ రచించేవారు ప్రతి పనికీ తామే సూచనలు రాయరు. సామాన్యమైన పనులకు ఫోనులోని వ్యవస్థా గ్రంథాలయంపై ఆధారపడతారు. ఇక్కడ గ్రంథాలయమంటే ముందే సిద్ధం చేసి ఉంచిన ప్రమేయాల సముదాయం. కంపైలర్ మన రచనను యంత్రభాషలోకి మారుస్తుంది. లింకర్ అందులోని ప్రతి పేరుకూ నిర్వచనాన్ని వెదకి, భాగాలన్నింటినీ సంధానిస్తుంది. నిర్వచనం దొరకని పేరు ఎదురైతే దానిని ఎత్తిచూపి, పని నిలిపివేస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పులివెందులలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి చీనీ, అరటి ధరలను తెలిపే యాప్ నిర్మిస్తున్నాడనుకుందాం. జమ్మలమడుగులోని రైతు వద్ద 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 ఫోను ఉంది. ఆ వ్యవస్థ స్థాయి 19. ధరలను లెక్కించడానికి సి భాషలో రాసిన ఒక గ్రంథాలయాన్ని ప్రొద్దుటూరు మిత్రుడు అందించాడు. అతడు దానిని 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0కు, అనగా స్థాయి 21కి, అనుగుణంగా కంపైల్ చేశాడు. అక్షరరూపంలోని ధరను సంఖ్యగా మార్చే ‘ఏ టు ఎఫ్’ అనే ప్రమేయాన్ని అది కోరుతుంది. 5.0కు పూర్వం ఈ ప్రమేయం వ్యవస్థా గ్రంథాలయంలో లేదు. హెడర్ ఫైలే దాని స్థానంలో మరొక ప్రమేయాన్ని ఉంచేది. అందువల్ల స్థాయి 19కి యాప్‌ను నిర్మించబోతే లింకర్ ఆగిపోతుంది.

దీనికి సులభమైన మార్గం ఒకటుంది. యాప్ కనీస స్థాయిని 21కి పెంచితే దోషం మాయమవుతుంది. కానీ ఆ యాప్ రైతు ఫోనులో స్థాపితం కాదు. దోషంతోపాటు రైతు కూడా తొలగిపోయాడన్నమాట! సరియైన మార్గం వేరు. మిత్రుని గ్రంథాలయాన్ని స్థాయి 19కే తిరిగి కంపైల్ చేయాలి. అన్ని భాగాలకూ ఒకే కనీస స్థాయి ఉండాలి. కొత్త వ్యవస్థలో మాత్రమే ఉన్న సౌకర్యాన్ని, అది ఉన్నదో లేదో పరీక్షించి వాడాలి; లేనిచోట ప్రత్యామ్నాయం చూపాలి. ఐఫోన్ యాప్‌లలో ‘వీక్ లింకింగ్’ అనే పద్ధతి ఇందుకు తోడ్పడుతుంది.

నిర్మాణ సాధనాలకూ కాలపరిమితి ఉంది. 2023లో వెలువడిన ఆండ్రాయిడ్ ఎన్.డి.కె. 26, స్థాయి 19ని విడిచిపెట్టింది. కనుక ఈ యాప్‌కు 25వ కూర్పునే వాడవలసి ఉంటుంది.

రచయిత తన పాఠకుని నిఘంటువును ఎరిగి రాయాలి. లింకర్ చూపే దోషం శత్రువు కాదు. పాత ఫోను పట్టుకొని మన గుమ్మం వద్ద నిలిచిన వ్యక్తిని గుర్తుచేసే హెచ్చరిక.

ప్రశ్నలు

1. లింకర్ చేసే పనిని వివరించండి.
2. కనీస స్థాయిని పెంచడం ఎందుకు సరియైన పరిష్కారం కాదు?