డెమీటరు ధాన్యదానము

దేవతలు మానవులకు ఆహారసమృద్ధి నొసగిన కథలు గ్రీకు పురాణములలో పెక్కు గలవు. శిశువగు జ్యూసును పోషించిన అమాల్థీయా కొమ్ము, డెలోసు రాజగు అనియసు కూతుండ్ర కరస్పర్శ అట్టివి. వీనిని చదువునపుడు సూర్యుడు ధర్మజున కొసగిన అక్షయపాత్ర మనకు స్ఫురించుట సహజమే. కాని పోలికతోడనే తృప్తిపడినచో ఒక ముఖ్యాంశము చేజారును. దానమును పొందినదెవరు, పిదప దానిపై హక్కెవరిది అను ప్రశ్న ఈ కథలను విడువదు. డెమీటరు వృత్తాంతమున దీనిని పరిశీలింతుము.

డెమీటరు మానవులకు సేద్యము నేర్పెనని సామాన్యముగా వ్రాయుచుందురు. హోమరు పేరిట ప్రచారమందున్న ప్రాచీన డెమీటరు స్తోత్రమున నట్లు లేదు. అందు హేడీసు తన కూతురగు పెర్సెఫొనీని అపహరింపగా, దేవి విత్తనమును నేలలోనే దాచివైచును. ఎద్దులు నాగళ్ళను వృథాగా లాగును. చల్లిన యవలు మొలకెత్తవు. అనగా సేద్యము అంతకు మునుపే యున్నదన్నమాట! మానవులు నశించినచో దేవతలకు బలులు నిలిచిపోవును గనుక జ్యూసు సంధికి దిగును. పాతాళమున దానిమ్మగింజ తినిన పెర్సెఫొనీ ఏటికి మూడవపాలు అచటనే గడపవలెనని నిర్ణయమైన పిదప గాని పొలములు పచ్చబడవు. కావున దేవి ధాన్యమును క్రొత్తగా నొసగలేదు, బిగబట్టినదానిని విడిచినది. ఆమె క్రొత్తగా నొసగినది ఎల్యూసిసునందలి రహస్యకర్మ. దానిని నేర్చిన ప్రభువులలో ట్రిప్టొలెమసు ఒకడు. స్తోత్రమున నాతని ప్రాధాన్యము అంతమాత్రమే.

క్రీ.పూ. 5వ శతాబ్దినాటి ఏథెన్సు మృత్పాత్రలపై ఆతడే రెక్కల రథమెక్కి, ధాన్యపు వెన్నులు చేతబూని, లోకమునకు పంట నొసగ బయలుదేరుచుండును. ఎల్యూసిసు ఏథెన్సు రాజ్యములోనిది. ధాన్యదాత యను కీర్తి ఆ నగరమునకు సంక్రమించెను. ఆ శతాబ్దిలోనే ఏథెన్సు ప్రకటించిన శాసనమొకటి కలదు. యవలలో 600వ వంతునకును, గోధుమలలో 1200వ వంతునకును తక్కువగాకుండ తొలిపంటను ఎల్యూసిసునకు సమర్పింపవలెనని అందలి విధి. మిత్రరాజ్యములకు అది ఆజ్ఞ. తక్కిన గ్రీకు నగరములకు ఆహ్వానము మాత్రమే. ప్రమాణము స్వల్పము. కోరబడినది ధాన్యము కంటె ఋణపు టొప్పుకోలే యని మా తలంపు. పురాణము పన్నుపద్దుగా మారిన ఇట్టి ఘట్టములు అరుదు.

అనియసు కూతుండ్రకు ఇంత మర్యాదయైనను దక్కలేదు. వారు ముట్టినదెల్ల ధాన్యమో, ద్రాక్షాసవమో, తైలమో యగుటచే, ట్రాయి యుద్ధమున సేనను పోషించుటకై అగమెమ్నాను వారిని బలిమిని గొనిపోజూచెనని రోమను కవి ఓవిడు చెప్పెను. సంకెలలు సిద్ధమగుచుండగా వారు బాకసును ప్రార్థించి, తెల్లని పావురములై యెగిరిపోయిరి.