స్టీరింగ్ పట్టుకుని స్పానిష్

మరాఠీలో బస్సు ఆడది, ట్రక్కు మగది. బస్సొస్తే ‘బస్ ఆలీ’ అనాలి, ట్రక్కొస్తే ‘ట్రక్ ఆలా’ అనాలి. విమానం ఈ రెండింటిలోనూ చేరదు, దానికి ‘ఆలం’. తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ పట్టింపు బొత్తిగా కొత్త. బస్సొచ్చినా, ట్రక్కొచ్చినా, విమానమొచ్చినా మనకు ‘వచ్చింది’ ఒక్కటి చాలు. అయినా ముంబై కామాఠీపురలోనో, వర్లీ బీడీడీ చాళ్లలోనో (ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే బారు ఇళ్లు) పెరిగిన తెలుగు పిల్లలు ఈ మూడు మాటలనూ తడబడకుండా అంటారు. ఆ పిల్లల తాతలూ అనేవారు. వాళ్లలో చాలామంది మరాఠీ వ్యాకరణం తెరిచి చూసినవాళ్లు కారు. కొందరికి ఏ భాషలోనూ చదవడం వచ్చేది కాదు. పనిలో ఉండగా, చేతులు ఖాళీ లేనప్పుడు, చెవితో పట్టుకున్న భాష అది.

కారు నడుపుతూ ఆడియో పాఠాలు విని స్పానిష్ నేర్చుకోవచ్చా అని అడిగేవాళ్లు ఇప్పుడు తెలుగువాళ్లలోనూ ఉన్నారు. అమెరికాలో ఇళ్లలో ఇంగ్లిష్ తర్వాత ఎక్కువమంది మాట్లాడేది స్పానిష్. నాలుగు కోట్లకు పైగా జనం మాట్లాడతారు. 2010–17 మధ్య అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగిందని జనగణన లెక్కల ఆధారంగా తేల్చారు. డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇల్లు కట్టే మేస్త్రీతోనో, తోటపనివాళ్లతోనో, పక్కింటి కుటుంబంతోనో స్పానిష్ అవసరం రోజూ ఎదురవుతుంది. తీరిక దొరికేది మాత్రం కారులోనే. కారులో భాష వస్తుందా అన్న ప్రశ్నకు సగం జవాబు పరిశోధనల్లో ఉంది. మిగతా సగం ముంబై చాళ్లలో ఉంది.

ముంబై ఒకప్పుడు ఏడు దీవులు. సముద్రపు నీరు లోపలికి రాకుండా కట్టిన హార్న్‌బీ వెల్లార్డ్ 1784లో పూర్తయ్యాక లోతట్టు నేలలు ఒక్కొక్కటే ఆరి, జనం ఇళ్లు వేసుకున్నారు. 18వ శతాబ్దం చివరికల్లా నిజాం రాజ్యం నుంచి మట్టిపనికీ, రాతిపనికీ, ఇళ్లు కట్టడానికీ వచ్చిన తెలుగు కూలీలు అక్కడ కుదురుకున్నారు. వాళ్లను కామాఠీలన్నారు, వాళ్ల పేటను కామాఠీపుర అన్నారు. కామాఠీపుర అనగానే ముంబై బయటివాళ్లకు వ్యభిచార గృహాలే గుర్తుకు రావడం ఆ పేటకు జరిగిన పెద్ద అన్యాయం. నగరాన్ని కట్టిన చేతులు అక్కడే తల దాచుకున్నాయి. ఆ తర్వాత తెలంగాణ మగ్గాల ఊళ్ల నుంచి పద్మశాలీలు వచ్చి పరేల్, వర్లీ, ప్రభాదేవి మిల్లుల్లో చేరారు. ఆడవాళ్లు ఇంటి గుమ్మంలో కూర్చుని బీడీలు చుట్టారు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బీడీడీ) కట్టిన చాళ్లలో ఒక్కో కుటుంబానికి దక్కింది 160 చదరపు అడుగుల ఖోలీ, అంటే ఒక్క గది. మరుగుదొడ్లు అంతస్తు మొత్తానికీ ఉమ్మడి. అటు కొంకణం మనుషులు, ఇటు సతారా మనుషులు, మధ్యలో పాలమూరు, కరీంనగర్ మనుషులు. మరాఠీ రాకపోతే నీళ్లు పట్టుకోవడమే కష్టం.

అక్కడ భాష ఎలా వచ్చింది? విని ఊరుకుంటే రాలేదు. మిల్లులో కూలీలను నడిపించే జాబర్ ఒక మాట అంటే వెంటనే ఆ పని చేయాలి, లేదా జవాబివ్వాలి. కూరగాయలమ్మే ఆమె ధర చెబితే అక్కడికక్కడే బేరమాడాలి. తప్పు అంటే ఎదుటివాళ్లు నవ్వి సరైన మాట చెప్పేవారు. అదే మాట మళ్లీ సాయంత్రానికి అవసరం పడేది, మర్నాడు పడేది, వారానికి పడేది. 1873లో జోతిరావు ఫూలే కుల వివక్షను ఎదిరించే సత్యశోధక సమాజాన్ని పుణేలో స్థాపించాక ముంబైలో దానికి అండగా నిలిచినవాళ్లలో వ్యంకు బాళాజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి తెలుగువాళ్లున్నారు. మరాఠీలో నడిచిన అంత పెద్ద ఉద్యమంలో తెలుగు ఇళ్ల మనుషులు ముందు వరసలో నిలవగలిగారంటే, పరాయి భాష వాళ్ల నోట ఎంతగా ఒదిగిందో ఊహించుకోవచ్చు.

చాళ్లలో అవసరం అన్నిసార్లు మళ్లీ మళ్లీ తలుపు తట్టింది కదా, అలా తట్టడాన్నే పాల్ పిమ్స్‌లర్ అనే అమెరికన్ భాషాచార్యుడు టేపుల్లోకి ఎక్కించాడు. 1967లో ఆయన ఒక వ్యాసం రాశాడు. కొత్త మాట విన్నాక దాన్ని ఎప్పుడెప్పుడు గుర్తు చేయాలో అందులో ఒక క్రమం ఇచ్చాడు: 5 సెకండ్లకు, 25 సెకండ్లకు, 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, 5 గంటలకు, రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, ఇలా పెరుగుతూ పోతుంది. మాట మరుగున పడబోయే సమయానికి దాన్ని పైకి లాగాలన్నది ఆయన లెక్క. ఆయన పేరుతో వచ్చే కోర్సుల్లో పాఠం అరగంట. గొంతు ముందు ప్రశ్న వేస్తుంది, ఆగుతుంది, నేర్చుకునేవాళ్లు నోరు తెరిచి జవాబు చెప్పాలి, ఆ తర్వాతే సరైన జవాబు వినిపిస్తుంది. ఆ ఖాళీయే కోర్సుకు ప్రాణం.

మిషెల్ థామస్ అనే మరో గురువు దారి కాస్త వేరు. ఆయన రికార్డింగుల్లో ఇద్దరు నిజమైన విద్యార్థులుంటారు. వాళ్లు తప్పులు చేస్తుంటారు, ఆయన దిద్దుతుంటాడు, కారులో కూర్చున్న మనిషి మూడో విద్యార్థి. ఇటీవలి కాలంలో మిహాలిస్ ఎలెఫ్తెరియూ ‘లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్’ పేరిట 90 స్పానిష్ పాఠాలను ఉచితంగానే అందరికీ అందుబాటులో పెట్టాడు. అందులోనూ పద్ధతి అదే: ముందు ఆలోచించు, పైకి చెప్పు, అప్పుడు విను.

ఆ ఖాళీకి అంత విలువ ఎందుకో 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం తేటగా చూపించింది. కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు నేర్పారు. మాట ఒకసారి వచ్చాక కూడా దాన్ని గుర్తు తెచ్చుకునే పరీక్ష పెడుతూ వచ్చినవాళ్లకు వారం తర్వాత దాదాపు 80 శాతం మాటలు మిగిలాయి. పరీక్ష ఆపేసినవాళ్లకు, వాళ్లు ఎన్నిసార్లు మళ్లీ చదువుకున్నా, మూడో వంతుకు కాస్త అటూఇటూగానే మిగిలాయి. కాబట్టి కారులో స్పానిష్ పాటలు, రేడియో వార్తలు పెట్టుకుని ‘చెవిన పడుతూ ఉంటే వచ్చేస్తుంది’ అనుకోవడం ఆశే. నోరు కదలని పాఠం మనసులో నిలవదు. అద్దాలు ఎత్తిన కారు ఈ పనికి ఎంతో అనువైన చోటు. గట్టిగా పలికితే వినేవాళ్లుండరు, తప్పు పలికితే నవ్వేవాళ్లుండరు.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పుకోవాలి. అదే 2008లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మార్సెల్ జస్ట్ బృందం 29 మందిని ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, తెర మీద బొమ్మ కారు నడిపించింది. నడుపుతూ ఉండగానే వాక్యాలు వినిపించి అవి నిజమో కాదో చెప్పమంది. దారినీ, దూరాలనీ పట్టించుకునే పెరైటల్ భాగంలో మెదడు పని 37 శాతం తగ్గింది. కారు వరస తప్పడం ఎక్కువైంది. చేతిలో ఫోన్ లేదు, వాళ్లు చేసిందల్లా వినడమూ అర్థం చేసుకోవడమూ. 2013లో డేవిడ్ స్ట్రేయర్ బృందం చేసిన అధ్యయనం డ్రైవర్ మనసుకు రేడియో వినడం తక్కువ భారమనీ, ఫోన్లో మాట్లాడటం అంతకంటే ఎక్కువనీ, నోటితో చెప్పి సందేశాలు రాయించడం అన్నిటికంటే బరువనీ తేల్చింది. భాషా పాఠంలో వినడమే కాదు, వెతుక్కోవడమూ జవాబివ్వడమూ ఉన్నాయి. దాన్ని రేడియో పక్కన కాక, ఫోన్ సంభాషణ పక్కన పెట్టుకోవడమే క్షేమం.

అందుకని కొత్త పాఠం మొదటిసారి ఇంట్లోనే, కదలకుండా వినాలి. కారులోకి తెచ్చుకోవలసింది ముందే ఒకసారి విన్న పాఠం. తెలిసిన దారిలో, సాఫీగా సాగే రోడ్డు మీద పెట్టుకోవాలి. కూడలి వచ్చినా, వాన పట్టినా, కొత్త పేటలోకి తిరిగినా ఆపేయాలి. పాఠం మార్చడానికి బండి నడుపుతూ ఫోన్ చేతిలోకి తీసుకోవడం భారత్‌లో చట్టం ముందూ నేరమే. ముంబైలో హాజీ అలీ దగ్గర రద్దీలో మోటారు సైకిళ్లు రెండు పక్కలా దూరుతుంటే క్రియారూపాలు వల్లించడం ఎవరికీ మంచిది కాదు. లోకల్ రైలెక్కే ముంబై మనిషికి ఈ బాధ లేదు, సీటు దొరికితే చాలు.

పేరున్న స్పానిష్ ఆడియో కోర్సులు ఎక్కువగా ఇంగ్లిష్ వాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవే. అందువల్ల తెలుగువాళ్లకు ఉన్న సౌకర్యాలు వాటిలో వినిపించవు. ఇంగ్లిష్ వాళ్లకు కొరుకుడుపడని వాక్యం ఒకటుంది: ‘మె గుస్తా ఎల్ కఫే’. కాఫీ ఇష్టమని చెప్పడానికి స్పానిష్‌లో ‘నేను’తో మొదలుపెట్టరు. మనకు ఇందులో వింతేముంది? ‘నాకు కాఫీ నచ్చుతుంది’ అంటామే, అచ్చం అదే కట్టు. మామిడిపళ్లయితే ‘మె గుస్తాన్’. మనకూ ‘నచ్చుతాయి’. ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు. మాట్లాడేది ఎవరో చెప్పే పని క్రియ చివరే చేసేస్తుంది, ‘నేను’, ‘నువ్వు’ విడిగా అక్కర్లేదు. ‘తూ’, ‘ఉస్తేద్’ తేడా మన నువ్వు, మీరు తేడాయే. ఉచ్చారణలోనూ అంతే. స్పానిష్ అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉ లకు దగ్గర. వాళ్ల త, ద మన త, ద ల్లా పళ్లకు తగిలేవే. ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. ర, ర్ర తేడా మన నాలుకకు పుట్టుకతో వచ్చింది. ఇంగ్లిష్ చదువే ఇక్కడ కాస్త అడ్డుపడుతుంది: ‘తాక్సీ’ అనవలసిన చోట అలవాటు కొద్దీ ‘టాక్సీ’ అనేస్తాం.

తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకు కష్టమయ్యేది వస్తువుల ఆడ, మగ తేడా. కామాఠీపుర తెలుగువాళ్లు ఆ మెట్టు మరాఠీలోనే దాటేశారు. మూడు లింగాలకు అలవాటుపడ్డ చెవికి స్పానిష్‌లోని రెండు పెద్ద భారం కాదు.

చెవి చదువుకు హద్దు కూడా ఉంది, అదీ చాళ్లలోనే కనిపించింది. మరాఠీ ధారాళంగా మాట్లాడే పెద్దలు రేషన్ దరఖాస్తు చదివించుకోవడానికి పక్కవాళ్ల కోసం చూడవలసి వచ్చేది. ఆ బాధ తప్పించడానికి మిల్లు ప్రాంతాల్లో పగటి బడులకు తోడు రాత్రి బడులు నడిచాయి. ముంబై కార్పొరేషన్ నడిపే బడుల మాధ్యమాల్లో తెలుగుకూ చోటు దక్కింది. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆటో పర్మిట్‌కు మరాఠీ తప్పనిసరి చేసి పరీక్ష పెట్టినప్పుడు, ఏళ్లుగా ప్రయాణికులతో మరాఠీలోనే మాట్లాడుతున్న పరాయి రాష్ట్రాల డ్రైవర్లకూ అచ్చులో ఉన్నది చదవడం దగ్గర బెదురు తప్పలేదు. మరుసటి ఏడాది బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

అంకెలు చూస్తే కారు పాఠం ఎంతవరకో తెలుస్తుంది. ఇంగ్లిష్ వచ్చినవాళ్లు స్పానిష్‌లో ఉద్యోగానికి సరిపడా నేర్చుకోవడానికి సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు పడుతుందని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. పిమ్స్‌లర్ స్పానిష్ అయిదు స్థాయిలూ కలిపి 150 పాఠాలు, అంటే 75 గంటలు. రోజుకొక పాఠం చొప్పున అయిదు నెలల పని. అది పూర్తయ్యేసరికి పలకరించడం, దారి అడగడం, అంగట్లో కొనడం, ఎదుటివాళ్లు నిదానంగా మాట్లాడితే జవాబివ్వడం వస్తాయి. పుస్తకం చదవడం, ఉత్తరం రాయడం రావు. ఆ మిగతా గంటలకు కుర్చీ, కాగితం, ఎదురుగా స్పానిష్ మాట్లాడే మనిషి కావాలి.

తెలుగు మీద కట్టిన స్పానిష్ పాఠాలు ఎవరైనా తయారుచేస్తే ఆ గంటలు కొంతైనా తగ్గుతాయి. మొదటి పాఠం ‘నేను’తో కాకుండా ‘నాకు నచ్చుతుంది’తో మొదలవ్వాలి. లింగాల పాఠం రాసేటప్పుడు వర్లీలోనో కామాఠీపురలోనో మరాఠీని చెవితో నేర్చుకున్న పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, బస్సు ఆడదని ఎన్నాళ్లకు నోటికి పట్టిందో, ముందు ఏ తప్పులు దొర్లాయో, ఎవరు ఎలా దిద్దారో అడిగి రాసుకోవాలి.