మింక్ నుండి మృగరాజు వరకు

మింక్ అను జంతువు మన ప్రాంతమున కానరాదు. అది మన నదులలోని నీటికుక్కకు చుట్టము. పొడవైన దేహము, పొట్టి కాళ్ళు, మెత్తని బొచ్చు కలది. ఆ బొచ్చు కొరకే ఐరోపాలో దానిని వేలకొలదిగా పంజరములలో పెంచుచు వచ్చినారు. హైదరాబాదు ఎండలో బొచ్చుకోటు తొడుగువారు లేరు కనుక, దాని పేరు మనకు తెలియకపోవుటలో వింత లేదు.

2020 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌లోని రెండు పెంపకశాలలలో మింకులకు కోవిడ్ సోకినట్లు తేలినది. వైరస్ తనంతట తాను వృద్ధిచెందజాలదు. దానికొక జీవకణము కావలెను. కణముపై నుండు ఏసీఈ-2 అను ప్రోటీను తాళము వంటిదైతే, వైరస్ ముళ్ళు తాళపుచెవి వంటివి. మింక్ కణములోని తాళమునకు మానవుని వైరస్ చెవి చక్కగా సరిపోయినది. పక్కపక్కనే పంజరములు, ఒకే కప్పు క్రింద వేల ప్రాణులు. ఇక వ్యాప్తికి అడ్డేమి? మొదట పనివారి నుండి మింకులకు, పిదప మింకుల నుండి పనివారికి వ్యాధి చేరినదని జన్యుక్రమములను పోల్చి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. భయకారణమిదే. ఒక జాతిలో నుండి మరొక జాతికి పోవునప్పుడు వైరస్ కొంత మారును. మారి తిరిగివచ్చినదానిపై టీకా పనిచేయునో లేదో ముందుగా చెప్పుట కష్టము.

అందువలననే 2020 నవంబరులో డెన్మార్క్ ప్రభుత్వము దేశములోని మింకులన్నింటిని చంపవలసినదిగా ఆజ్ఞాపించినది. వాటి సంఖ్య కోటిన్నరకు పైమాటే. ఆరోగ్యముగా నున్న మందలను కూడ చంపించుటకు చట్టబలము లేదని తరువాత బయటపడి, వ్యవసాయ మంత్రి రాజీనామా చేసిరి. రైతుల జీవనాధారము ఒక్క మాటతో పోయినది. ప్రజారోగ్యము పేరిట చేయు పనికైనను చట్టము ముందుండవలెనని నా అభిప్రాయము.

ఇది ఎక్కడో జరిగిన ముచ్చట అనుకొనరాదు. మన యాకుత్‌పురాకు అంత దూరము కాని బహదూర్‌పురాలో, మీరాలం చెరువు చెంతనున్న నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2021 ఏప్రిల్‌లో సింహములకు శ్వాసబాధ కలిగినది. సింహమును నోరు తెరువుమని అడుగలేము కదా! మత్తుమందిచ్చి ముక్కు, గొంతుల నుండి నమూనాలు తీసి, నగరములోనే ఉన్న సీసీఎంబీ వారి లాకోన్స్ పరిశోధనాలయమునకు పంపిరి. ఎనిమిది ఆసియా సింహములకు కోవిడ్ ఉన్నట్లు మే 4న ప్రకటించిరి. వాటిని వేరుగా ఉంచి చికిత్స చేయగా కోలుకొన్నవి. సందర్శకుల రాకను అప్పటికే నిలిపివేసి యుండిరి.

చెన్నై చేరువనున్న వండలూరు సింహములకు ఆ అదృష్టము పూర్తిగా పట్టలేదు. అదే ఏడాది జూన్‌లో అచట ఒక ఆడసింహము మరణించినది. అంతకుముందు 2018లో గుజరాతులోని గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు చనిపోగా, కొన్నింటిలో కుక్కలకు వచ్చు డిస్టెంపర్ వైరస్ కనబడినది. పెంపకపు మింకులను చంపు వ్యాధులలో ఆ డిస్టెంపర్ కూడ ఒకటి. ఊరకుక్కలకు సకాలములో టీకాలు వేయించుట అడవి మృగములకును రక్షణయే. కోవిడ్ విషయమున హిసార్ శాస్త్రజ్ఞులు జంతువుల కొరకు రూపొందించిన ఆంకోవ్యాక్స్ అను టీకా 2022 జూన్‌లో విడుదలైనది.