వాన వెలిశాక... బంకర్‌లో అసలు పని మొదలు!

చార్మినార్ నుంచి గోల్కొండ దారి పడితే, కోటని ఆనుకుని నయాఖిల్లా కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో మొగలుల దాడి తర్వాత కోటకి కలిపి కట్టిన భాగం ఇది. లోపల 'హాతియన్ కా ఝాడ్' అనే ముసలి బావోబాబ్ చెట్టు, పక్కనే షా హాతిం చెరువు. ఆ పచ్చికలోనే గోల్ఫ్ కోర్సు.

గోల్ఫ్‌లో బంతిని ఇరికించడానికి పెట్టే ఇసుక గుంటే బంకర్. కుండపోత వాన పడితే దీని పని అయిపోయినట్టే. వాలు మీది ఇసుక జారి అడుక్కి చేరుతుంది. పైన మట్టి బయటపడుతుంది. ఆ మట్టి కరిగి ఇసుకలో కలిస్తే, ఇసుక రేణువుల మధ్య ఖాళీలు పూడిపోతాయి. ఇక నీళ్లు ఇంకవు. బంకర్ కాస్తా చెరువే!

మరి రిపేర్ ఎలా? ముందు నీళ్లు పంపుతో తోడేయాలి. ఆరాక పైన పేరుకున్న ఒండ్రు పొరని గీకి బయట పారేయాలి. తొందరపడి ఇసుకలో కలిపేశారో, మళ్లీ మొదటికే. తర్వాత జారిన ఇసుకని వాలు మీదకి లాగి, పుల్ల గుచ్చి లోతు చూస్తారు. సాధారణంగా అడుగున 10-15 సెంటీమీటర్లు, వాలు మీద 5 సెంటీమీటర్ల వరకూ ఉంచుతారు.

ప్రతి వానకీ ఇదే తంతు అయితే? మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అది బగ్ ఫిక్స్ కాదు, రీస్టార్ట్. రోగం కిందెక్కడో ఉంది. ఇసుకంతా తీసి, కంకరలో చిల్లుల పైపు వేసి, మట్టి పైకి రాకుండా లైనర్ పరవాలి. చుట్టుపక్కల పారే నీళ్లు గుంటలోకి దిగకుండా గట్టు కూడా సరిచేయాలి.

ఈలోగా ఆడేవాళ్లకి రూల్ 16.1 ఉంది. బంకర్‌లో వాన నీళ్లు నిలిస్తే, అదే బంకర్‌లో మరోచోట బంతిని ఉచితంగా వదలొచ్చు. బయటికి తెచ్చుకుంటే మాత్రం ఒక స్ట్రోక్ పెనాల్టీ.

అంతా బానే ఉంది. మరి ఆ పైపు రెండో చివర ఎక్కడ తేలుతుంది? 2020 అక్టోబర్ వానలకి షా హాతిం చెరువు పొంగి, నదీమ్ కాలనీ ఇళ్లు నీళ్లలో మునిగాయి. పైగా గోల్కొండ రక్షిత కట్టడం, గునపం పడితే చరిత్రకి తగులుతుంది. అందుకే ఇక్కడ బంకర్ బాగుచేయడమంటే గుంటలో నీళ్లు పోగొట్టడమొక్కటే కాదు. అవి ఇంకొకరి గుమ్మంలోకి పోకుండా చూడటం కూడా.