నిలువు జెట్ స్కీకి కొత్త మ్యాటు: అతుకు నిలవాలంటే ఏమి చేయాలి?

బీదర్ శివారులోని నౌబాద్ పేరు వినగానే బహమనీల కాలపు కరేజ్, అనగా భూగర్భ జలమార్గం స్ఫురణకు వస్తుంది. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఈ పీఠభూమిలో జెట్ స్కీ నిత్యం కనిపించే వాహనం కాదు. అయినప్పటికీ, దాని పాదపీఠానికి కొత్త మ్యాటు అతికించే పని ఇక్కడివారికి పూర్తిగా అపరిచితమైనదేమీ కాదు. మోటారు సైకిలు సీట్లు బాగుచేసేవారికీ, చెప్పుల అడుగులు అతికించేవారికీ తెలిసిన విద్యే అది. తేడా అల్లా ఒక్కటే. ఈ అతుకు నీటిలో నానుతుంది. అది ఊడిన నాడు దానిపై నిలబడ్డ మనిషి జారిపడతాడు.

నిలబడి నడిపే వాహనం

విశాఖపట్నం రుషికొండ తీరంలో పర్యాటకులు ఎక్కేవి సాధారణంగా కూర్చుని నడిపే వాహనాలు. నిలువు జెట్ స్కీ అంతకంటే పాతది. 'జెట్ స్కీ' అనేది జపాన్‌కు చెందిన కవాసాకి సంస్థ వ్యాపార నామం. 1973లో ఆ సంస్థ ఈ పేరుతో తెచ్చిన తొలి వాహనం నిలబడి నడిపేదే. దాని రూపకల్పనకు మూలపురుషుడు అమెరికాకు చెందిన మోటోక్రాస్ పందెగాడు క్లేటన్ జాకబ్‌సన్. ఈ వాహనానికి సీటు ఉండదు. ముందు నుంచి వచ్చే పొడవాటి కాడకు హ్యాండిల్, వెనుక తొట్టి వంటి పాదపీఠం ఉంటాయి. నడిపే వ్యక్తి తొలుత ఆ తొట్టిలో మోకాళ్ళూని, వేగం అందుకున్న పిదప లేచి నిలబడతాడు.

ఆ లేచే క్షణంలో పట్టు నిచ్చేది మ్యాటే. నున్నని ఫైబర్ గ్లాసు మీద తడి పాదం నిలవదు. వెనుకకు జారిపడితే అక్కడ పంపు నుంచి జలధార అతివేగంగా వెలువడుతూ ఉంటుంది. అది శరీరంలోకి చొచ్చుకుపోతే లోపలి అవయవాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. వెట్‌సూట్ నిక్కరు ధరించవలెనని తయారీదారులు వాహనం మీదనే హెచ్చరిక అంటించడానికి కారణం ఇదే. కనుక మ్యాటును అలంకారంగా భావించరాదు.

ఏ పదార్థం?

ఈ మ్యాట్లను ఇథిలిన్ వినైల్ అసిటేట్ అనే పదార్థపు నురుగుతో చేస్తారు. వాడుకలో దీనిని ఇ.వి.ఎ. అంటారు. తేలికపాటి చెప్పుల అడుగులకు వాడేది కూడా ఈ జాతి పదార్థమే. దీనిలోని గాలి గదులు దేనికది మూసుకొని ఉంటాయి గనుక స్పాంజి వలె నీరు పీల్చదు. మందం సుమారు 5, 6 మిల్లీమీటర్లు ఉంటుంది. పై భాగాన గాడులో, వజ్రాకారపు బుడిపెలో ఉంటాయి. హైడ్రో-టర్ఫ్ వంటి విదేశీ సంస్థలు ఒక్కొక్క వాహనానికి సరిపడేటట్లు ముందే కత్తిరించిన మ్యాట్లనూ, కత్తిరించని షీట్లనూ విక్రయిస్తాయి. కొన్నింటికి వెనుక జిగురు పూత ఉంటుంది. మిగిలిన వాటికి విడిగా జిగురు పూయాలి.

పాతది తీయడం

పనిలో సగానికి పైగా శ్రమ ఇక్కడే. మొదట బ్యాటరీ కనెక్షన్ తొలగించాలి. హీట్ గన్‌తోనో, తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తోనో ఒక మూలను గోరువెచ్చగా చేసి, మ్యాటును మెల్లగా వెనుకకు మడుస్తూ లాగాలి. చింపకుండా తీయగలిగితే అదే కొత్త మ్యాటుకు నమూనా అవుతుంది. మిగిలిన జిగురును ప్లాస్టిక్ గీకుడుతో తీయాలి. ఇనుప గీకుడు ఫైబర్ మీద ఉండే రక్షణ పూతను చెక్కివేస్తుంది.

మొండి జిగురును అసిటోన్‌తో తడిపిన గుడ్డతో తుడవవచ్చును. అయితే రంగు వేసిన చోట దానిని తాకించరాదు, రంగు కరిగిపోతుంది. అనంతరం 80 నంబరు గరుకు కాగితంతో ఉపరితలాన్ని తేలికగా రుద్ది, ధూళి దులిపి, మరొక శుభ్రమైన గుడ్డకు అసిటోన్ అద్ది తుడవాలి. నూనె మరక గాని, పాత జిగురు పొర గాని మిగిలితే కొత్త జిగురు దానినే పట్టుకుంటుంది. ఆ పొర ఊడినప్పుడు మ్యాటు కూడా ఊడుతుంది.

కత్తిరింపు

నమూనా లేనప్పుడు చార్టు కాగితాన్ని తొట్టిలో పరచి అంచులు గీసుకోవాలి. మ్యాటు వెనుక వైపున గీసేటపుడు కాగితాన్ని తిరగవేయాలి. లేనిచో కుడి ఎడమలు తారుమారవుతాయి. మూలలను గుండ్రంగా కత్తిరించాలి. వాడి మూలలే ముందుగా లేస్తాయి. బ్లేడు కొత్తదై ఉండాలి. జిగురు పూయకముందే ముక్కలన్నిటినీ ఒకసారి అమర్చి చూసుకొని, అంచుల స్థానాన్ని పెన్సిలుతో గుర్తించుకోవాలి.

జిగురు, నిరీక్షణ

చెక్కపనికి వాడే తెల్లని జిగురు ఇక్కడ పనికిరాదు, నీటికి మెత్తబడుతుంది. కావలసినది నియోప్రీన్ రబ్బరుతో తయారైన కాంటాక్ట్ అడ్హెసివ్. చెప్పులు బాగుచేసేవారు 'సులేషన్' అని పిలిచే పసుపు జిగురు ఈ కోవకు చెందినదే. అయినా నీటిని తట్టుకుంటుందని డబ్బా మీద స్పష్టంగా ఉన్నదే ఎన్నుకోవాలి.

దీనిని మ్యాటుకూ, తొట్టికీ రెండింటికీ పలుచగా పూయాలి. ద్రావకం ఆవిరైపోయిన పిదప రెండు రబ్బరు పొరలు ఒకదానినొకటి పట్టుకోవడమే దీని పనితీరు. తడిగా ఉన్నప్పుడే అతికిస్తే, గాలి చొరబడని రెండు పొరల నడుమ ఆ ద్రావకం చిక్కుకొని బుడగలు కడుతుంది. వేలి వెనుక భాగంతో తాకినప్పుడు జిగురు వేలికి అంటకూడదు. సాధారణంగా ఇందుకు 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది.

ఇక్కడ ఋతువు కూడా చూసుకోవాలి. వానాకాలపు తేమలో, ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచినపుడు దానిపై కంటికి కనబడని నీటిపొర చేరుతుంది, అతుకు బలహీనమవుతుంది. బీదర్ ప్రాంతపు మే నెల ఎండలో జిగురు అవసరానికి మించి త్వరగా ఆరిపోతుంది. వేసవిలోనైతే ఉదయం వేళ, నీడలో ఈ పని చేయడం ఉత్తమం.

ఒకసారి తాకిన మ్యాటును మళ్ళీ సర్దడం సాధ్యం కాదు. కనుక నడుమ కాగితం ఉంచి, ఒక అంచు నుంచి కొద్దికొద్దిగా కాగితాన్ని లాగుతూ అతికించాలి. ఆపై రోలరుతో మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. కనీసం 24 గంటలు గడిచే వరకు నీటిలో దింపరాదు.

ప్రాణానికి జాగ్రత్త

అసిటోన్, జిగురులోని ద్రావకాలు మామూలు ఉష్ణోగ్రతలోనే మండే ఆవిరులను విడుదల చేస్తాయి. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది. తలుపులు మూసిన గదిలో ఈ పని చేయరాదు. బీడీ, సిగరెట్టు దగ్గరకు రానీయరాదు. అసిటోన్ వాసన పూర్తిగా పోకముందు హీట్ గన్ వెలిగించరాదు. ఆ ఆవిరులు పీల్చితే తల తిరుగుతుంది. చేతులకు గ్లోవ్స్ అవసరం.

అతికించిన తరువాత మొదటి కొన్ని వారాలు అంచులను పరిశీలిస్తూ ఉండాలి. ఒక మూల లేచినట్లయితే నాడే శుభ్రపరచి తిరిగి అతికించడం సులభం. ఉపేక్షిస్తే నీరు, ఇసుక లోపలికి చేరి మొత్తం మ్యాటును లేపివేస్తాయి. ఎంత ఖరీదైన జిగురు కొన్నా, శుభ్రమైన ఉపరితలానికీ, ఇరవై నిమిషాల ఓపికకూ అది ప్రత్యామ్నాయం కాజాలదు.