'ఫిర్‌ఔన్' : ఒక పదం, దాని పూర్వచరిత్ర

దివ్య ఖుర్ఆన్‌లో 74 చోట్ల కనిపించే 'ఫిర్‌ఔన్' అనే పదాన్ని ఒక వ్యక్తి పేరుగా భావించేవారు ముస్లింలలో చాలామంది ఉన్నారు. వాస్తవానికి ఇది పేరు కాదు, బిరుదు. అంతకు పూర్వం బిరుదు సైతం కాదు. ఒక భవనానికి పేరు.

ప్రాచీన ఈజిప్టు భాషలో 'పెర్' అనగా ఇల్లు, 'ఆ' అనగా గొప్పది. 'పెర్-ఆ' అంటే మహాగృహం, అనగా రాజప్రాసాదం. పిరమిడ్లు నిర్మించిన యుగంలో ఈ మాట నగరుకూ, అక్కడి అధికార వ్యవస్థకూ మాత్రమే వర్తించేది. 18వ రాజవంశపు కాలంలో అది రాజుకే చెల్లసాగింది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో అఖెనాటెన్‌కు రాసిన ఒక లేఖలో ఈ ప్రయోగం స్పష్టంగా ఉంది. క్రీ.పూ. 10వ శతాబ్దంలో రాజు పేరుకు ముందు దీనిని చేర్చడం మొదలైంది.

ఇటువంటి మార్పు వింతకాదు. ఉస్మానియా ప్రభుత్వాన్ని 'బాబె ఆలీ', అనగా 'ఉన్నత ద్వారం' అని పిలిచేవారు. తెలుగునాట 'దివాణం' అన్నా కచేరీయే కాక, దానిని ఏలే ప్రభువూ స్ఫురించేవాడు.

ఈ చరిత్ర తెలిసినవారికి ఖుర్ఆన్‌లోని ఒక విశేషం ద్యోతకమవుతుంది. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కాలపు పాలకుణ్ణి యూసుఫ్ సూరా 'మలిక్' (రాజు) అనే పేర్కొన్నది. 'ఫిర్‌ఔన్' అనే మాట ఆ సూరాలో ఎక్కడా లేదు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఎదుర్కొన్న పాలకుడు మాత్రం 'ఫిర్‌ఔన్'. బైబిల్ ఆదికాండం ఇబ్రాహీం, యూసుఫ్‌ల కాలపు రాజులను కూడా 'ఫరో' అనే వ్యవహరించింది.

అయితే ఇక్కడ తొందరపాటు తగదు. యూసుఫ్ (అలై) ఏ సంవత్సరంలో జీవించారో, మూసా (అలై) నాటి ఫిర్‌ఔన్ అసలు పేరేమిటో ఖుర్ఆన్ చెప్పలేదు. రామ్‌సెస్ 2 అనీ, మెర్నెప్తా అనీ చెప్పేవి చరిత్రకారుల ఊహలు. ఖుర్ఆన్ పదప్రయోగం ఈజిప్టు భాషాచరిత్రకు అనుగుణంగా ఉందనడం సబబు. ఆ ఊహలను ఖుర్ఆన్ వాక్కుగా ప్రచారం చేయడం సబబు కాదు. రేపు ఊహ తారుమారైతే, సామాన్యుని విశ్వాసం అనవసరంగా కలతచెందుతుంది.

పేరు చెప్పకపోవడంలోనూ గుణపాఠం ఉన్నది. పేరు ఒక మనిషితో అంతరిస్తుంది. బిరుదు సింహాసనంతోపాటు మిగులుతుంది. అరబ్బీలో 'తఫర్‌అన' అంటే అహంకరించి దౌర్జన్యం చేయడం, ఉర్దూలో 'ఫిర్‌ఔనియత్' అంటే నిరంకుశత్వం అనే అర్థాలు అందుకే స్థిరపడ్డాయి. మహాగృహం పేరు చివరకు ఒక దుర్గుణానికి పేరైంది.